ఫీష్ గ్రామస్థుల మొక్కు

స్విట్జర్లాండ్ దక్షిణాన, రోన్ నది పుట్టి పడమటికి పారే ఎగువ లోయలో ఫీష్ అనే ఊరు ఉంది. సముద్రమట్టానికి సుమారు 1,050 మీటర్ల ఎత్తు. జనాభా వెయ్యికి అటూ ఇటూ. ఎండకూ చలికీ నల్లబడిన కలప ఇళ్ళు, సన్నటి చర్చి శిఖరం, ఊరి వెనకే నిటారుగా లేచే గడ్డి వాలులు. మాట్లాడేది వాలిస్ రాష్ట్రపు జర్మన్ యాస. మతం తరతరాలుగా కతోలికం. ఒకప్పుడు ఆవులు, జున్ను, వాలుల మీద కోసి దాచుకున్న గడ్డి, కాస్త రై ధాన్యం ఇక్కడి బతుకు. ఇప్పుడు రైలు దిగినవాళ్ళు ఆ స్టేషన్‌లోనే గొండోలా ఎక్కి ఫీషర్‌ఆల్ప్‌కు, అక్కడి నుంచి కేబుల్ కారులో ఎగ్గిస్‌హార్న్ శిఖరం దగ్గరికి, సుమారు 2,870 మీటర్ల ఎత్తుకు చేరుకుంటారు. ఫీషర్‌ఆల్ప్‌నూ, పక్కనే కార్లు తిరగని బెట్మర్‌ఆల్ప్, రీడర్‌ఆల్ప్ ఊళ్ళనూ కలుపుతూ సుమారు వంద కిలోమీటర్ల స్కీ బాటలున్నాయి. లిఫ్టులు నడిపేవాళ్ళు, స్కీయింగ్ నేర్పేవాళ్ళు, హోటళ్ళవాళ్ళు, స్కీలు అద్దెకిచ్చేవాళ్ళు, రాత్రిపూట బాటల మీద మంచు చదును చేసే యంత్రాల డ్రైవర్లు, అందరి జీతంలోనూ మంచు ఉంది.

ఎగ్గిస్‌హార్న్ మీద నిలబడి ఆవలి వైపు చూస్తే ఆలెచ్ హిమానీనదం కనిపిస్తుంది. ఆల్ప్స్ పర్వతాల్లోకెల్లా పెద్ద మంచునది ఇదే. పొడవు సుమారు 20 కిలోమీటర్లు, వైశాల్యం 80 చదరపు కిలోమీటర్ల దరిదాపు. పైన మూడు పాయలు కలిసే చోట మంచు మందం 800 మీటర్లకు తక్కువ లేదు. 2001లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఫీష్ జనం సుమారు మూడున్నర శతాబ్దాల కిందట ఈ మంచు తగ్గాలని దేవుడికి మొక్కుకున్నారు. 2010లో పోపు అనుమతి పొంది, ఆ ప్రార్థనను మంచు పెరగాలన్న ప్రార్థనగా మార్చుకున్నారు. ఒక మొక్కును ఇలా వెనక్కి తిప్పవచ్చునా, తిప్పితే అందులో ఏం మిగులుతుంది అన్న ప్రశ్న చిన్న ఊరిది కదా అని వదిలేయదగ్గది కాదు.

మొదటి భయం ఊహ కాదు. 14వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా యూరప్ వాతావరణం ఇప్పటికంటే చల్లగా ఉండేది. ఆ కాలానికి చిన్న మంచుయుగం అని పేరు. మంచునదులు కిందికి దిగి పచ్చికబయళ్ళనూ పొలాలనూ మింగేవి. ఆలెచ్ పక్కన, మంచుగోడే కట్టగా నిలిచిన మేర్యెలెన్ అనే చెరువు ఉండేది. మంచుపెళ్ళలు విరిగి అందులో పడినా, మంచు కింద దారి దొరికి నీరు ఒక్కసారిగా పారినా, దిగువన ఫీషర్‌టాల్, ఫీష్, నాటర్స్ ఊళ్ళకు వరదే. 1653లో నాటర్స్ జనం సీడర్స్ పట్టణంలోని జెస్విట్ గురువులను పిలిపించుకున్నారు. ఆ గురువులు వారంపాటు బోధలు చేసి, ఊరందరితో ఊరేగింపుగా మంచునది అంచుకు వెళ్ళి, దివ్యబలి పూజ అర్పించి, మంచు మీద తీర్థజలం చల్లి, తమ సభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ ప్రతిమను అక్కడ నిలబెట్టారు. 1678లో ఫీష్, ఫీషర్‌టాల్ జనం మొక్కు కట్టుకున్నారు: సచ్ఛీలంతో బతుకుతాం, మంచు పెరగకుండా ప్రార్థిస్తాం. 1862లో దానికి ఏటేటా ఊరేగింపు తోడైంది. జులై 31, పునీత ఇగ్నేషియస్ పండుగనాడు, తెల్లవారుజామున బయలుదేరి ఎర్నర్ అడవిలోని చిన్న ప్రార్థనామందిరానికి నడిచి వెళ్ళడం ఆనవాయితీ. ఆలెచ్ గత వెయ్యేళ్ళలో మూడుసార్లు బాగా ముందుకు జరిగిందనీ, వాటిలో రెండోది 1670 ప్రాంతంలో, మూడోది 1860కి కాస్త ముందు పతాకస్థాయికి చేరాయనీ హిమానీనదాల చరిత్రకారులు తేల్చారు. ఊరు మొక్కిన రెండు సందర్భాలూ మంచు ఎక్కువగా ఉన్న కాలాలే.

మూడో విజృంభణ తరువాత మంచు వెనక్కి తగ్గడం మొదలుపెట్టి ఇప్పటికీ ఆగలేదు. ఆలెచ్ పొడవు మూడు కిలోమీటర్లకు పైగా తగ్గిపోయింది. మేర్యెలెన్ చెరువుకు కట్టగా ఉన్న మంచు పలచబడి పాత చెరువు దాదాపు మాయమైంది. వరద భయం పోయి నీటి భయం వచ్చింది. ఆలెచ్ నుంచి పుట్టే మాస్సా నది మీద 1967లో పూర్తయిన గెబిడెమ్ ఆనకట్ట నీటితో కరెంటు తయారవుతుంది. ఎండాకాలంలో రోన్ నది నిండుగా పారడంలో మంచునదుల నీటి పాలు పెద్దది. 2009లో ఫీష్, ఫీషర్‌టాల్ జనం రోముకు విన్నపం పంపారు. పాత మొక్కులోని కోరికను తిప్పి, మంచు నిలవాలని ప్రార్థించే వీలు కల్పించమన్నారు. మరుసటి ఏడు పోపు 16వ బెనెడిక్ట్ ఒప్పుకున్నారు.

అనుమతి ఎందుకు? ప్రార్థనకు ఎవరి సెలవూ అక్కర్లేదు. ఏ విశ్వాసి అయినా ఏ రోజునైనా మంచు కోసం దేవుణ్ణి అడగవచ్చు. మొక్కు అలాంటిది కాదు, అది దేవుడికిచ్చిన మాట. కతోలిక శ్రీసభ చట్టం మొక్కును తెలిసి, స్వేచ్ఛగా, సాధ్యమైన ఒక మేలు గురించి దేవుడికి చేసే వాగ్దానంగా నిర్వచిస్తుంది. అది ఎప్పుడు చెల్లిపోతుందో కూడా చెబుతుంది: గడువు తీరినప్పుడు, మొక్కిన విషయమే మౌలికంగా మారిపోయినప్పుడు, దేని కోసం మొక్కారో ఆ ప్రయోజనమే లేకుండా పోయినప్పుడు, లేదా అధికారం ఉన్నవారు విడుదల చేసినప్పుడు, మార్చినప్పుడు. ఫీష్ మొక్కు మూడో సందర్భం కిందికి వచ్చేస్తుంది. మంచు ముంచుకొచ్చే ప్రమాదమే లేనప్పుడు దాన్ని ఆపమన్న మొక్కు దానంతటదే తీరిందని ఊరివాళ్ళు ఊరుకోవచ్చు. బిషప్ దగ్గరకో, ఊరి గురువు దగ్గరకో వెళ్ళినా విడుదలకు చట్టంలో దారి ఉంది. వాళ్ళు ఊరుకోలేదు, విడుదల కోరలేదు, మార్పు కోరారు. మాట ఇచ్చినవాళ్ళు ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు. ఆ మాట మోస్తున్న మనుమల మనుమలు, బరువు దించుకునే అవకాశం చేతిలో ఉండి కూడా, కొత్త బరువు ఎత్తుకోవడానికి అనుమతి అడిగారు. ఈ ఉదంతంలో గౌరవించదగ్గ మొదటి విషయం ఇది.

ఇక ఈ ప్రార్థన మీద అభ్యంతరాలు రెండు. మొదటిది పాతది: దేవుడు మారనివాడు, సర్వజ్ఞుడు అయితే అడగడమెందుకు? నిన్న తగ్గించమని, ఇవాళ పెంచమని అడిగితే ఆయన సంకల్పాన్ని అటూ ఇటూ లాగినట్టు కాదా? 5వ శతాబ్దపు తొలినాళ్ళలో ప్రోబా అనే రోమన్ వితంతువుకు రాసిన ఉత్తరంలో పునీత అగస్టీన్ దీనికి జవాబిచ్చాడు. మనకేం కావాలో దేవుడికి తెలియజేయడానికి కాదు ప్రార్థన, ఆయన ఇవ్వబోయేదాన్ని అందుకునేంతగా మన కోరిక పెరగడానికి అన్నది దాని సారం. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఏది జరగాలో మాత్రమే కాదు, ఏ కారణం వల్ల జరగాలో కూడా దైవ సంకల్పంలోనే ఉంది. విత్తనం వల్ల పంట పండాలని ఎలా ఉందో, కొన్ని మేళ్ళు ప్రార్థన వల్ల కలగాలని అలాగే ఉంది. కనుక ప్రార్థన ఆ సంకల్పాన్ని మార్చదు, అందులో తన పాత్ర తాను పోషిస్తుంది. ఈ లెక్కన 1678 నాటి ప్రార్థనకూ 2010 నాటి ప్రార్థనకూ వైరుధ్యం లేదు. రెండుసార్లూ అడిగింది ఒక్కటే, ఈ లోయలో మనుషులు బతకగలగాలని. మంచు తగ్గడం, పెరగడం దానికి ఉపాయాలు. కాలం మారి ఉపాయం మారింది.

రెండో అభ్యంతరం సైన్సుది, అది ఈ కొండల మీదే పుట్టింది. ఐర్లండ్‌లో పుట్టిన భౌతికశాస్త్రవేత్త జాన్ టిండల్ ఆల్ప్స్ మంచునదుల కదలికను పరిశోధించాడు, ఎగ్గిస్‌హార్న్ వాలు మీది హోటల్లో బస చేశాడు, 1877లో ఆలెచ్‌కు ఎదురుగా బెలాల్ప్ మీద ఇల్లు కట్టుకున్నాడు. బెలాల్ప్ ఇవాళ మరో స్కీ కేంద్రం. ప్రార్థననూ ప్రకృతి నియమాన్నీ గురించి రాసిన ఒక వ్యాసంలో ఆయన రోన్ హిమానీనదం దగ్గరి సత్రంలో ఎదురైన ఒక యువ గురువును ప్రస్తావిస్తాడు. ఏటా లాగే కొండలను ఆశీర్వదించడానికి, వాలిస్ పశువులకు మేతా నీడా దొరికేలా వాతావరణం అనుకూలించాలని ప్రార్థించడానికి ఆ గురువు పైకి వచ్చాడు. రోన్ నదిని దారి మళ్ళించమని ఆయన దేవుణ్ణి అడగడు, అది అద్భుతమని ఆయనకు తెలుసు. వాన విషయంలో మాత్రం అడుగుతాడు. టిండల్ వాదన ప్రకారం రెండూ సమానమే. ఆకాశం నుంచి ఒక్క జల్లును కారణం లేకుండా రాల్చడానికి, గ్రహణాన్ని ఆపడానికి ఎంత నియమభంగం కావాలో అంతా కావాలి. వాతావరణం చంచలంగా కనిపించడం వల్లనే అక్కడ దేవుడి జోక్యానికి చోటుందని మనిషి అనుకుంటున్నాడు.

1872లో ఈ తగవు లండన్ పత్రికలకెక్కింది. ఒక వైద్యుడు పేరు చెప్పకుండా రాసిన లేఖను టిండల్ తన పరిచయ వాక్యాలతో అచ్చుకు పంపాడు. ఆసుపత్రిలో ఒక వార్డును ఎంచుకుని, కొన్నేళ్ళపాటు విశ్వాసులందరూ ఆ రోగుల కోసమే ప్రార్థించి, మరణాల లెక్కను మిగతా చోట్లతో పోల్చి చూడాలన్నది అందులోని ప్రతిపాదన. పరీక్ష జరగలేదు, వాదోపవాదాలు మాత్రం హోరెత్తాయి. ఫీష్ చరిత్రను చూసినవాళ్ళకు అలాంటి పరీక్ష ఇక్కడ జరిగినట్టే తోస్తుంది. 1862లో ఊరేగింపు మొదలైంది, మంచు తగ్గింది. ప్రార్థన ఫలించిందని ఒకరు అనవచ్చు, అవసరానికి మించి ఫలించిందని మరొకరు అనవచ్చు. కానీ ఆ కొండల ఆవలి వైపు, 1528లోనే ప్రొటెస్టెంట్ మతం స్వీకరించి ఊరేగింపులు మానేసిన బెర్న్ రాష్ట్రంలో, గ్రిండెల్వాల్డ్ మంచునదులు కూడా అదే కాలంలో వెనుదిరిగాయి. ఆల్ప్స్‌లో ఎవరూ పేరు పెట్టని, ఎవరూ మొక్కని మంచునదులు కూడా కరిగాయి. కాబట్టి ఈ లెక్కలతో ప్రార్థన ఫలమూ తేలదు, నిష్ఫలమూ తేలదు. ప్రార్థనను ఒక యంత్రం పనితీరుగా కొలవబోతే చేతికి చిక్కేది ప్రార్థన కాదు. ఆ విషయంలో టిండల్‌ను విమర్శించినవాళ్ళదే సరైన మాట.

అయితే టిండల్ కథ అక్కడితో ముగియదు. ప్రార్థనతో వాతావరణం మారదని వాదించిన ఆ మనిషే, మనిషి చేతలతో వాతావరణం ఎలా మారగలదో తెలుసుకోవడానికి పునాది వేశాడు. 1859లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో ఆయన వివిధ వాయువుల గుండా వేడిని పంపి, అవి ఎంత పీల్చుకుంటాయో కొలిచాడు. గాలిలో ప్రధానమైన నైట్రోజన్, ఆక్సిజన్ వేడిని దాదాపు అడ్డుకోవు; నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పట్టి ఉంచుతాయి. సూర్యరశ్మిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ వేడెక్కుతుందని అమెరికాలో యూనిస్ ఫుట్ అనే మహిళ 1856లోనే గమనించింది. భూమి వెలువరించే లాంటి వేడి మీద ఈ వాయువుల ప్రభావాన్ని కచ్చితంగా కొలిచింది టిండల్. బొగ్గు, చమురు మండించి ఆ వాయువును పెంచితే మంచు కరుగుతుందన్న ఇప్పటి జ్ఞానానికి మూలం అక్కడ ఉంది.

ఇక్కడ 1678 మొక్కును మళ్ళీ చదవాలి. అందులో కోరిక ఒక్కటే లేదు, నడవడి గురించి వాగ్దానం కూడా ఉంది: సచ్ఛీలంతో బతుకుతాం. మంచు పెరగడం తమ పాపాలకు శిక్షేమోనని ఆనాటివాళ్ళు తల్లడిల్లారు. ఆ తల్లడం వాస్తవం మీద నిలిచింది కాదు. చిన్న మంచుయుగానికి కారణాలుగా సూర్యుడి తీవ్రతలో హెచ్చుతగ్గులనూ, దూరదేశపు అగ్నిపర్వతాల విస్ఫోటాలనూ శాస్త్రవేత్తలు చూపుతారు. ఫీషర్‌టాల్ పశువుల కాపరి అబద్ధమాడినా ఆడకున్నా మంచునది జరగాల్సినంతే జరిగేది. నిర్దోషులు తమ మీద వేసుకున్న నింద అది. ఇప్పుడు మంచు కరగడానికి మనుషుల నడవడి నిజంగా కారణం. నడవడికీ మంచుకూ ముడిపెట్టిన ఆ పాత మొక్కు, రాసిన రోజున భౌతికంగా తప్పు. 340 ఏళ్ళు గడిచాక అక్షరాలా ఒప్పయింది. ప్రార్థన దిశ తిరిగిందని పత్రికలు రాశాయి. వాగ్దానం మాత్రం తిరగలేదనీ, అది మునుపెన్నడూ లేనంత బరువెక్కిందనీ గుర్తించడం అంతకంటే ముఖ్యం. జర్మన్ తత్వవేత్త కాంట్ 1793లో వెలువరించిన మతతత్వ గ్రంథంలో, మాటలతో దేవుడి మీద పనిచేయాలనుకునే ప్రార్థనను మూఢత్వమన్నాడు. మన నడతంతా దేవుడికి ఇష్టమయ్యేలా ఉండాలన్న నిరంతర సంకల్పమే ప్రార్థన ప్రాణమన్నాడు. ఆయన కోరికను పూర్తిగా తీసేశాడు, అది ఎక్కువ. ఆకలేసిన బిడ్డ అడగకుండా ఎలా ఉంటుంది? కానీ కోరిక నడతను వెంటబెట్టుకుని రావాలన్నంత వరకు ఫీష్ మొక్కూ కాంటూ ఒక్కటే చెబుతున్నట్టుంది.

స్కీ పర్యాటకం మీద బతికే ఊరికి ఈ వాగ్దానం కష్టమైనది. స్కీ బాటల మీద పరిచే మంచు వేరు, హిమానీనదం వేరు. ఒకటి ఒక్క చలికాలపుది, మరొకటి వందల ఏళ్ళ పేరుకుపోత. రెంటినీ కరిగించేది మాత్రం ఒకే వేడి. చలికాలంలో కనీసం నూరు రోజులు 30 సెంటీమీటర్ల మంచు ఉంటే తప్ప లిఫ్టుల వ్యాపారం గిట్టదని ఈ రంగంలో పాత లెక్క ఒకటుంది. అది అందనప్పుడు యంత్రాలతో మంచు కురిపిస్తారు. స్విట్జర్లాండ్ స్కీ బాటల్లో సగానికి పైగా ఇప్పుడు ఆ ఏర్పాటు ఉంది. దానికి నీరు కావాలి, కరెంటు కావాలి, గడ్డకట్టించే చలి కూడా కావాలి, మూడోదాన్ని కొనలేరు. స్విట్జర్లాండ్‌లో రైళ్ళూ లిఫ్టులూ ఎక్కువగా జలవిద్యుత్తుతో నడుస్తాయి కనుక అసలు భారం కొండ మీద కంటే దారిలో ఉంటుంది: వందల కిలోమీటర్ల నుంచి కారులో, వేల కిలోమీటర్ల నుంచి విమానంలో వచ్చే ప్రయాణంలో. ఊరికి కూడు పెట్టే అతిథి రాకే ఊరి ప్రార్థనకు అడ్డం పడుతోంది. ఇది కపటమని కొట్టిపారేయడం తేలిక, అన్యాయం కూడా. పశువులతో మాత్రమే బతికిన రోజుల్లో ఈ లోయల నుంచి జనం బతుకుతెరువు వెతుక్కుంటూ దేశాలు పట్టిపోయారు. పిల్లలు పుట్టిన ఊళ్ళోనే పని దొరకడం పర్యాటకం చేసిన మేలు. ఆ మేలును కాదనకుండానే అందులోని హానిని ఒప్పుకోవడం సచ్ఛీలంలో భాగం.

మంచునది కరగడం కేబుల్ కార్లను నేరుగా తాకిన చోటు కూడా ఇక్కడే ఉంది. రీడర్‌ఆల్ప్ పైన మోస్‌ఫ్లూ అనే గట్టు ఒక వైపు ఆలెచ్ మంచును ఆనుకుని నిలిచినది. ఆసరాగా ఉన్న మంచు కుంగిపోవడంతో ఆ వాలు జారడం మొదలైంది. 2016 శరదృతువులో జారుడు ఒక్కసారిగా వేగం అందుకుని కాలిబాటలు మూసేయాల్సి వచ్చింది. నేల కదులుతుందని ముందే తెలిసి, అక్కడి లిఫ్టు పై స్టేషన్‌ను సర్దుబాటు చేయగల పునాది మీద కట్టారు. 2022, 2023 రెండేళ్ళలోనే స్విస్ మంచునదులు తమ మంచులో సుమారు పదో వంతు పోగొట్టుకున్నాయి. భూతాపాన్ని 2 డిగ్రీలకు కట్టడి చేసినా ఈ శతాబ్దం చివరికి ఆలెచ్ మంచులో సగం పోతుందని జ్యూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో అంచనా కట్టారు. కట్టడి చేయకపోతే అక్కడక్కడా మిగిలే పెళ్ళలే గతి.

ఇలాంటి స్థితిలో ప్రార్థన ఎందుకు, శోకం చాలదా అని అడిగినవాళ్ళున్నారు. 2019 సెప్టెంబరులో తూర్పు స్విట్జర్లాండ్‌లో పిజోల్ అనే చిన్న మంచునదికి జనం నల్లబట్టలతో కొండెక్కి, చర్చి గురువు సమక్షంలో అంత్యక్రియల సభ జరిపారు. పోయినదాన్ని పోయిందని చెప్పడం అవసరమే. బతికున్నదానికి అంత్యక్రియలు చేయరు. సగం మిగిలే వీలున్న ఆలెచ్‌కు వేడుకోలే తగినది. మంచంటే మేలు మాత్రమే అనుకునే ప్రమాదం కూడా ఉంది. 2025 మే 28న పక్కనున్న లోచెన్ లోయలో, కొండచరియల రాళ్ళు మీదపడి బిర్ష్ మంచునది కూలి బ్లాటెన్ గ్రామాన్ని దాదాపు పూర్తిగా పూడ్చేసింది. సుమారు 300 మందిని ముందే ఖాళీ చేయించడంతో ఊరి ప్రాణాలు దక్కాయి, ఒకరు మాత్రం చనిపోయారు. 1678 నాటి భయం చరిత్రలో ముగిసిపోలేదు. మంచు పెరగాలని ప్రార్థించేవాళ్ళు కూడా అది తమ చెప్పుచేతల్లో ఉండేది కాదని ఎరిగే ప్రార్థించాలి.

చివరిగా, ఈ మొక్కు ఎవరిని కట్టిపడేస్తుంది? మొక్కు దాని స్వభావరీత్యా మొక్కినవారినే బంధిస్తుందని శ్రీసభ చట్టం చెబుతుంది. ఫీష్, ఫీషర్‌టాల్ జనం కర్బన ఉద్గారాల్లో తమ పాలు మొత్తం తుడిచేసుకున్నా ఆలెచ్‌లో తేడా కొలవడానికి అందదు. మంచును కరిగించే లోకం ఏ మొక్కూ మొక్కలేదు. ఒకరి కోసం మరొకరు ప్రార్థించడం క్రైస్తవంలో మొదటి నుంచీ ఉన్నదే. ఎర్నర్ అడవికి నడిచేవాళ్ళు దిగువ లోయ కోసం, రాబోయే తరాల కోసం కూడా నడుస్తున్నారు. కానీ ఒకరి నడవడిని మరొకరు వారి బదులుగా నడవలేరు. మొక్కు అందుకోలేని ఆ చోటికి చట్టం వెళ్ళగలదు. మంచునదుల పేరు మీద పౌరులు సంతకాలు సేకరించి మొదలుపెట్టిన ప్రయత్నం నుంచి పుట్టిన వాతావరణ చట్టాన్ని 2023 జూన్ 18న స్విస్ ఓటర్లు 59 శాతం మద్దతుతో ఆమోదించారు. 2050కల్లా దేశం నికర ఉద్గారాలు సున్నాకు చేరాలని అది నిర్దేశిస్తుంది. ఆ చట్టం మొక్కినవారినీ మొక్కనివారినీ, నమ్మేవారినీ నమ్మనివారినీ సమానంగా బంధిస్తుంది. దాని అధికారం మాత్రం స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, ఫీష్‌కు స్కీయింగ్ కోసం వచ్చేవాళ్ళలో చాలామంది ఆ సరిహద్దు దాటి వచ్చేవాళ్ళే.